సొంత స్కూబా గేర్ కొనాలా, అద్దె గేర్‌తోనే కానిచ్చేయాలా?

కొత్తడైవర్_హైద్:

అందరికీ నమస్తే. నేను హైదరాబాద్‌లో ఉంటాను, సొంతూరు విజయనగరం. అండమాన్‌లోని హావ్‌లాక్ దీవిలో ఓపెన్ వాటర్ (స్కూబాలో మొదటి కోర్సు) చేశాను, ఈ ఏడాది మొదట్లో మళ్ళీ వెళ్ళి దాని తర్వాతి కోర్సు అడ్వాన్స్‌డ్ కూడా పూర్తి చేశాను. ఇక ఇది నన్ను వదలదని అర్థమైపోయింది. ఏడాదికి ఒకటి రెండుసార్లు అండమాన్, సెలవులు కుదిరితే మురుడేశ్వర్ దగ్గర నేత్రాణి, ఇంటికి వెళ్ళినప్పుడు ఋషికొండ, ఇలా సాగుతుందనుకుంటున్నా.

సమస్యల్లా అద్దె గేర్‌తోనే. పోయినసారి ఇచ్చిన మాస్క్‌లోకి డైవ్ మొత్తం నీళ్ళు కారుతూనే ఉన్నాయి, చేపల్ని చూసిన టైమ్ కంటే మాస్క్ ఖాళీ చేసుకున్న టైమే ఎక్కువ. బీసీడీ (గాలి నింపి తేలడానికి వేసుకునే జాకెట్) ఒక సైజు పెద్దది, పైకి తేలగానే అది చెవుల దాకా లేచిపోతుంది, నేను కింద వేలాడుతుంటాను. రెగ్యులేటర్ (సిలిండర్ గాలిని నోటికి అందించే పరికరం) మౌత్‌పీస్‌ని ఎంతమంది కొరికారో ఏమో, పట్టు లేక గట్టిగా కరిచిపట్టుకుని సాయంత్రానికి దవడలు నొప్పి. పైగా నాకు మైనస్ మూడున్నర సైట్ ఉంది, కళ్ళద్దాలు తీసేస్తే దూరంగా ఉన్న తాబేలు, రాయి రెండూ ఒకేలా కనిపిస్తాయి.

ఒక షాపులో అడిగితే రెగ్యులేటర్, బీసీడీ, చేతికి కట్టుకునే డైవ్ కంప్యూటర్, వెట్‌సూట్ (చలి ఆపే రబ్బరు సూట్), మాస్క్, ఫిన్స్ (కాళ్ళకు తొడుక్కునే రెక్కలు) అన్నీ కలిపి లక్షా అరవై వేల దాకా చెప్పారు. మొత్తం సెట్ ఒకేసారి తీసుకుంటే తగ్గిస్తామంటున్నారు. ఇంట్లో ఏమో ఏడాదికి రెండు ట్రిప్పుల కోసం అంత డబ్బా అంటున్నారు. వాళ్ళ మాటలో తప్పు ఉందని కూడా అనలేను. డిసెంబరులో మా పెద్దమ్మ కొడుకు దుబాయ్ నుంచి వస్తున్నాడు, అక్కడ చవకైతే తెప్పించుకోవచ్చు.

ముందు ఏం కొనాలి? అద్దె డబ్బులు మిగిలి ఎప్పటికైనా గిట్టుబాటు అవుతుందా? హైదరాబాద్‌లో ఉండేవాళ్ళు రెగ్యులేటర్ సర్వీసింగ్ ఎలా చేయించుకుంటున్నారు? సిలిండర్ కూడా కొనాలా? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి ప్లీజ్.

పోర్ట్‌బ్లెయిర్_బిడ్డ:

నమస్తే అండి. నేను హావ్‌లాక్‌లో ఇన్‌స్ట్రక్టర్‌ని. మా తాతగారి కాలంలో శ్రీకాకుళం నుంచి వచ్చి పోర్ట్‌బ్లెయిర్‌లో స్థిరపడ్డాం (ఇప్పుడు శ్రీవిజయపురం అంటున్నారు, మా నోటికి ఇంకా పాత పేరే వస్తుంది).

ముందు డబ్బు సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే చాలామంది అక్కడే లెక్క తప్పుతారు. మన దేశంలో చాలా సెంటర్లలో ఫన్ డైవ్ (కోర్సు కాకుండా సరదాకి చేసే డైవ్) ధరలోనే గేర్ అద్దె కలిసి ఉంటుంది. బోటు, గైడ్, సిలిండర్, గేర్ అన్నింటికీ కలిపి ఒకటే రేటు. మీరు సొంత గేర్ తెచ్చుకుంటే కొందరు కొంచెం తగ్గిస్తారు, కొందరు అసలు తగ్గించరు. అందుకని అద్దె మిగిలి లక్షా అరవై వేలు తిరిగొస్తాయన్న ఆశ పెట్టుకోవద్దు, మీరు చెప్పిన ట్రిప్పుల లెక్కన రాదు. అద్దె విడిగా వసూలు చేసే దేశాల్లో తరచూ డైవ్ చేసేవాళ్ళకు ఆ లెక్క వేరు. ఇక్కడ గేర్ కొనేది ఒంటికి సరిపడటం కోసం, భద్రత కోసం. ఇంట్లో వాళ్ళకు కూడా ఈ మాటే చెప్పండి, డబ్బు ఆదా అవుతుందని మాత్రం చెప్పకండి.

సిలిండర్ వద్దే వద్దు. విమానంలో నిండు సిలిండర్ ఎక్కించనివ్వరు, ఖాళీదైనా వాల్వ్ విప్పి చూపించమంటారు, ఎప్పటికప్పుడు హైడ్రో టెస్ట్ (నీళ్ళ ఒత్తిడితో సిలిండర్ బలం చూసే పరీక్ష) చేయించాలి, హైదరాబాద్‌లో నింపించుకోవడమే ఒక పని. నీళ్ళలో మునగడానికి కట్టుకునే వెయిట్లు కూడా వద్దు. ఈ రెండూ ప్రపంచంలో ఎక్కడికెళ్ళినా సెంటర్ వాళ్ళే ఇస్తారు.

మొదట కొనాల్సింది మాస్క్, అందులో ఎవరికీ అనుమానం ఉండదు. రెండోది డైవ్ కంప్యూటర్, అంటే లోతు, టైమ్ చూసి ఒంట్లో ఎంత నైట్రోజన్ చేరిందో లెక్కపెట్టేది. దీని గురించి కాస్త ఎక్కువ చెప్తాను, ఎందుకంటే బోటు మీద రోజూ చూస్తున్నదే ఇది. సర్టిఫికెట్ ఉన్నవాళ్ళు కూడా కంప్యూటర్ లేకుండా గైడ్ వెనకాల వెళ్ళిపోతున్నారు. గైడ్ దగ్గర ఉందిగా అంటారు. ఆ కంప్యూటర్ లెక్కపెట్టేది గైడ్ ఒంట్లో చేరిన నైట్రోజన్‌ని, మీ ఒంట్లో చేరినదాన్ని కాదు. పక్కవాళ్ళ కళ్ళద్దాలు పెట్టుకుని బండి నడిపినట్టే అది.

అంకెలతో చెప్తాను. పాడీ (డైవింగ్ శిక్షణ సంస్థ) టేబుల్ ప్రకారం మొదటి డైవ్‌లో 18 మీటర్ల దగ్గర డీకంప్రెషన్ స్టాప్ (చేరిన నైట్రోజన్ బయటికి పోవడానికి పైకి వచ్చే దారిలో ఆగడం) అవసరం లేకుండా ఉండగలిగేది 56 నిమిషాలు. అదే 22 మీటర్లయితే 37 నిమిషాలు. 30 మీటర్లయితే 20 నిమిషాలే. గైడ్ 18 దగ్గర రీఫ్ పైన ఉంటే, మీరు ఫొటో కోసమో గ్రూపర్ కోసమో నాలుగు మీటర్లు కిందకి దిగి కాసేపు ఉన్నారనుకోండి, ఆయన కంప్యూటర్‌కి ఆ సంగతి తెలియదు. రెండో డైవ్, మూడో డైవ్, మర్నాడు మళ్ళీ డైవ్, ఇలా పోయేకొద్దీ తేడా పేరుకుంటుంది. డిక్సన్స్ పినకిల్, జానీస్ గార్జ్ లాంటి లోతు సైట్లకు అడ్వాన్స్‌డ్ వాళ్ళనే తీసుకెళ్తాం కదా, ఇక మీరు వెళ్ళేవి అవే.

అద్దె కంప్యూటర్‌తో ఇంకో చిక్కు ఉంది. పొద్దున మీ చేతికి ఉన్నది మధ్యాహ్నం వేరేవాళ్ళ చేతికి వెళ్ళిపోతే, మీకు ఇచ్చిన రెండోదానికి మీ పొద్దుటి డైవ్ గురించి ఏమీ తెలియదు. ట్రిప్ మొత్తం ఒకటే ఉండాలి, అది మీదే అయితే ఆ టెన్షన్ ఉండదు. క్రెస్సీ లియొనార్డో లాంటి సాదా మోడల్ చాలు, ఒకటే బటన్, బ్యాటరీ మనమే మార్చుకోవచ్చు. చేతిలో డబ్బు ఎక్కువుంటే షియర్‌వాటర్ పెరిగ్రిన్ స్క్రీన్ పెద్దది, రంగుల్లో ఉంటుంది, నీళ్ళలో చూపు ఇబ్బంది ఉన్నవాళ్ళకు అది బాగా పనికొస్తుంది, ఛార్జింగ్ పెట్టుకోవడం మాత్రం మర్చిపోకూడదు.

రెగ్యులేటర్ సంగతి తర్వాత. ఇప్పుడప్పుడే కొనొద్దని నా సలహా.

చిన్నసైజు_డైవర్:

కొత్తడైవర్ గారూ, నేను ఐదడుగులు కూడా లేను, కాబట్టి మీరు చెప్పిన బీసీడీ బాధ నాకు పూర్తిగా తెలుసు. అద్దెకిచ్చేవి ఎక్కువగా మీడియం, లార్జ్ ఉంటాయి, చిన్న సైజులు ఒకటో రెండో ఉంటే బోటు ఎక్కేలోపే ఎవరో ఒకరు తీసేసుకుంటారు.

మాస్క్ కొనేటప్పుడు బ్రాండ్ చూడకండి, మీ ముఖానికి అతుక్కుంటుందో లేదో చూడండి. పట్టీ తలకి వేసుకోకుండా మాస్క్‌ని ముఖానికి ఆనించి, ముక్కుతో మెల్లిగా గాలి లోపలికి పీల్చి చేతులు వదిలేయండి. ఊపిరి బిగబట్టినంతసేపు అది ముఖాన్ని వదలకుండా ఉండాలి. ఒక్క వెంట్రుక అడ్డొచ్చినా గాలి దూరుతుంది, కాబట్టి జుట్టు వెనక్కి కట్టుకుని చూడండి. చిరునవ్వు నవ్వి కూడా చూడండి, నవ్వితే బుగ్గల మీద ముడతలు పడి కొన్ని మాస్క్‌లు అక్కడే కారతాయి. ముక్కు ఉండే జేబు మెత్తగా, వేళ్ళకు అందేలా ఉండాలి, చెవుల ఒత్తిడి సరిచేసుకోవడానికి ముక్కు మూయాలి కదా. అద్దం టెంపర్డ్ గ్లాస్ అయి ఉండాలి. ఇంకొకటి, ముఖం మొత్తం కప్పేసి పైన గొట్టం ఉండే స్నార్కెలింగ్ మాస్క్‌లు వస్తున్నాయి చూడండి, అవి నీటి పైన తేలుతూ చూడ్డానికే. స్కూబాకి అస్సలు పనికిరావు, వాటితో ముక్కు మూసుకోవడం కుదరదు.

మైనస్ మూడున్నర అన్నారు, మీకు దారి సులువే. కొన్ని మాస్క్ మోడళ్ళలో రెండు అద్దాలు విడివిడిగా ఉంటాయి, కంపెనీవాళ్ళే సైట్ ఉన్న అద్దాలు విడిగా అమ్ముతారు, పాతవి తీసి అవి బిగించుకోవడమే. అవి అర పాయింటు తేడాతో వస్తాయి, మీది సరిగ్గా ఆ లెక్కలోదే. ముందు ముఖానికి సరిపడే మాస్క్ వెతకండి, దానికి అద్దాలు దొరుకుతాయో లేదో తర్వాత అడగండి. అద్దాల కోసం కారే మాస్క్ కొంటే మళ్ళీ మొదటికే వస్తారు. సిలిండర్ మీటర్ మీద ముల్లు స్పష్టంగా కనబడటం ఎంత ధైర్యమో సైట్ ఉన్నవాళ్ళకే తెలుస్తుంది!

కొత్త మాస్క్ అద్దం మీద తయారీలో మిగిలిన సన్నటి పొర ఉంటుంది, మసక పట్టకుండా డైవర్లు అద్దం లోపల ఉమ్మి రుద్దుతారు కానీ, ఈ పొర వదిలించకపోతే ఎంత ఉమ్మినా మసక పోదు. అద్దం లోపలివైపు తెల్ల టూత్‌పేస్ట్ రాసి వేలితో బాగా రుద్ది కడగండి, నాలుగైదు సార్లు చేయండి. గరుకుగా ఉండే పేస్ట్‌లు, జెల్ పేస్ట్‌లు వద్దు.

మాస్క్, కంప్యూటర్ తర్వాత నా ఓటు వెట్‌సూట్‌కి. అద్దె సూట్ వదులుగా ఉంటే లోపలికి నీళ్ళు వస్తూ పోతూ ఉంటాయి, 28 డిగ్రీల నీళ్ళలో కూడా రెండో డైవ్‌కి వణుకు పుడుతుంది. అండమాన్‌కి మూడు మిల్లీమీటర్లది చాలు. ఇంకా ఆ సూట్లలో ఎంతమంది ఏం చేశారో, డెట్టాల్ నీళ్ళలో ఎన్నిసార్లు ముంచారో, ఆ వాసన గురించి నేను రాయనక్కర్లేదు. సన్నగా, పొట్టిగా ఉన్న ఆడవాళ్ళకి సొంత సూట్ తెచ్చే తేడా అంతా ఇంతా కాదు.

ఫిన్స్ విషయంలో నాకు పెద్ద పట్టింపు లేదు. బోటు డైవింగే ఎక్కువైతే కాలికి నేరుగా తొడుక్కునే ఫుల్ ఫుట్ ఫిన్స్ తేలిక, చవక. మీ కాలికి కరవకుండా ఉంటే చాలు.

ఫుజైరా_శనివారం:

నేను షార్జాలో ఉద్యోగం, వారాంతాల్లో ఫుజైరా వెళ్ళి డైవ్ చేస్తుంటాను. పైన పోర్ట్‌బ్లెయిర్ గారు చెప్పిన చాలావాటితో ఏకీభవిస్తా కానీ రెగ్యులేటర్‌ని చివరికి తోసేయడం నాకు నచ్చలేదు. నీళ్ళ కింద మన ప్రాణం ఉన్నది దాని మీదే కదా అండి. సిలిండర్‌లో 200 బార్ల ఒత్తిడిని, రెగ్యులేటర్‌లో సిలిండర్‌కి బిగించే భాగం, అంటే ఫస్ట్ స్టేజ్, మన చుట్టూ ఉన్న నీటి ఒత్తిడి కంటే సుమారు 9, 10 బార్లు ఎక్కువ ఉండేలా తగ్గిస్తుంది, నోట్లో పెట్టుకునే సెకండ్ స్టేజ్ దాన్ని మనం పీల్చుకునే స్థాయికి తెస్తుంది. అందులో ఒక సీటో (గాలిని ఆపే చిన్న భాగం), ఒక ఓ-రింగో (రబ్బరు వలయం) అరిగి ఉందంటే అద్దెకు తీసుకున్నవాడికి ఎలా తెలుస్తుంది? ఎప్పుడు సర్వీస్ అయిందో అడిగితే చాలా చోట్ల సరైన జవాబే రాదు. ఎవరు వాడారో, కడిగారో లేదో తెలియనిదాన్ని నోట్లో పెట్టుకుని 30 మీటర్లు దిగడం నాకు ఇష్టం లేదు. నాది నాకు తెలుసు, ఏ డైవ్ తర్వాత ఎలా కడిగానో తెలుసు, గాలి లాగేటప్పుడు చిన్న తేడా వచ్చినా పసిగడతాను.

ఇక్కడ లెక్క కూడా వేరు లెండి. గేర్ అద్దె విడిగా వేస్తారు, నెలకు ఒకటి రెండుసార్లు వెళ్ళేవాడికి అది గట్టిగానే తగులుతుంది. డిబ్బా రాక్, స్నూపీ ఐలాండ్, మార్టినీ రాక్, ఇవన్నీ పొద్దున్నే వెళ్ళి మధ్యాహ్నానికి ఇంటికి వచ్చేసే దూరాలు. చలికాలంలో నీళ్ళు 22, 23 డిగ్రీలకు పడిపోతాయి, ఐదు మిల్లీమీటర్ల సూట్ కావాలి, అదే ఎండాకాలం 30 దాటితే సన్న సూట్ కూడా బరువే. కాబట్టి మీ అన్నయ్య చేత సూట్ మాత్రం తెప్పించుకోవద్దు. వెట్‌సూట్, మాస్క్ రెండూ మనిషి వేసుకుని చూసి కొనాల్సినవి. కంప్యూటర్, రెగ్యులేటర్ లాంటివి తెప్పించుకోవచ్చు. బిల్లు దగ్గర పెట్టుకోమనండి, డ్యూటీ ఫ్రీ పరిమితి దాటితే సుంకం కట్టాల్సిందే, ఆ సుంకం కలిపాక కూడా చవకేనా అని ముందే లెక్క వేసుకోండి.

రెగ్యులేటర్ ఎప్పుడు కొన్నా డిన్ రకం తీసుకుని, యోక్ అడాప్టర్ ఒకటి విడిగా కొనుక్కోండి. డిన్ అంటే సిలిండర్ వాల్వ్ లోపలికి స్క్రూలా తిరిగి బిగుసుకునేది, యోక్ అంటే పైనుంచి క్లాంప్‌తో బిగించేది. డిన్‌కి అడాప్టర్ తగిలిస్తే యోక్ సిలిండర్ మీద కూర్చుంటుంది. యోక్ కొనుక్కుని డిన్ మాత్రమే ఉన్న చోటికి వెళ్తే ఇబ్బంది పడతారు. ఓ-రింగ్ కూడా డిన్‌లో రెగ్యులేటర్ వైపే, లోపల ఇరుక్కుని ఉంటుంది, సులువుగా బయటకు తన్నుకురాదు.

పోర్ట్‌బ్లెయిర్_బిడ్డ:

ఫుజైరా అన్నా, మీరు చెప్పింది మీ ఊరికి నూటికి నూరుపాళ్ళు నిజం. రెగ్యులేటర్ ప్రాణాధారం కాదని నేను అనలేదు, ప్రాణాధారం కాబట్టే వద్దంటున్నా. అది ఏడాదంతా హైదరాబాద్‌లో అల్మరాలో ఉండి రెండుసార్లు బయటికి వస్తుంది. వాడకపోతే పాడవదు అనుకుంటారు చాలామంది. ఓ-రింగులు ఎండుతాయి, సీటు మీద ఒత్తిడి పడిన చోట గుంట పడుతుంది, ఒక్క ఉప్పు గింజ లోపల మిగిలినా ఇత్తడి మీద పచ్చగా తుప్పు కడుతుంది. వాడినా వాడకపోయినా కంపెనీ చెప్పిన గడువు ప్రకారం సర్వీస్ చేయించాల్సిందే, కొన్నింటికి ఏడాది, కొన్నింటికి రెండేళ్ళు, లేదా 100 డైవ్‌లు, ఏది ముందొస్తే అది.

ఆ సర్వీస్‌కి ఆ కంపెనీ కిట్ కావాలి, ఆ మోడల్ మీద శిక్షణ ఉన్న మనిషి కావాలి. మన దగ్గర ఇలాంటివాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే. కొరియర్‌లో పంపాలి, కిట్ స్టాక్ లేకపోతే వారాల తరబడి ఆగాలి. అందుకని కొత్తడైవర్ గారు చేయాల్సింది తిరగేసి: ముందు మీకు అందుబాటులో ఏ కంపెనీ రెగ్యులేటర్లు సర్వీస్ చేసేవాళ్ళు ఉన్నారో కనుక్కోండి, ఆ కంపెనీదే కొనండి. అమ్మినవాడు "సర్వీస్ మేమే చూసుకుంటాం" అంటే, కిట్ స్టాక్ ఉందా, చేసే మనిషి ఎవరు, ఎన్ని రోజులు, ఎంత ఖర్చు, ఈ నాలుగూ అడగండి. జవాబు తడబడితే కొనొద్దు. ఒక నికార్సయిన సెంటర్‌లో రోజూ వాడుతూ, క్రమం తప్పకుండా సర్వీస్ అయ్యే అద్దె రెగ్యులేటర్, మూడేళ్ళు సర్వీస్ ఎరగని సొంత రెగ్యులేటర్ కంటే మేలు.

అప్పటిదాకా మౌత్‌పీస్ ఒకటి సొంతంగా కొనుక్కోండి, జిప్ టైతో సహా. చాలా తక్కువ ఖర్చు. సెంటర్‌లో అడిగితే మీది బిగించి ఇస్తారు, ట్రిప్ అయ్యాక తీసేసుకోండి. మీ దవడల నొప్పి దానితోనే చాలావరకు పోతుంది. అద్దెది చేతికి రాగానే మీరే పరీక్షించుకోండి కూడా. సిలిండర్ తెరిచి రెండు సెకండ్ స్టేజ్‌ల (ఒకటి మీకు, ఒకటి అత్యవసరానికి) నుంచీ నాలుగైదు సార్లు గట్టిగా పీల్చండి, పీలుస్తున్నంతసేపు ప్రెషర్ గేజ్ చూడండి. ముల్లు ఊగుతోందంటే వాల్వ్ సరిగ్గా తెరుచుకోలేదు, లేదా ఎక్కడో అడ్డం ఉంది. హోస్ చివర్లు లోహంతో కలిసే చోట వంచి చూడండి, చీలికలు అక్కడే మొదలవుతాయి. నచ్చకపోతే మార్చమని అడగండి, మొహమాటపడకండి. మార్చి ఇవ్వడం మా పని.

బీసీడీ గురించి అడిగారు కదా, సరిపడే సైజు ట్రిప్‌కి ముందే ఫోన్ చేసి రిజర్వ్ చేయించుకోండి. అది కుదరకపోతే రెండు, రెండున్నర కిలోలుండే ట్రావెల్ మోడళ్ళు చూడొచ్చు. దానికి రెగ్యులేటర్‌కి ఉన్నంత సర్వీసింగ్ తంటా లేదు, కానీ ప్రతి డైవ్ తర్వాత లోపలికి మంచినీళ్ళు పోసి తిప్పి ఖాళీ చేయాలి. లేకపోతే లోపల ఉప్పు గడ్డకట్టి గాలి నింపే ఇన్‌ఫ్లేటర్ బటన్ ఇరుక్కుంటుంది, గాలి దానంతటదే నిండుతూ పోతుంది, మనిషి పైకి లేచిపోతాడు. అది ప్రమాదం.

భీమిలి_తీరం:

వైజాగ్ వైపు నుంచి నా మాట. ఋషికొండలో కూడా చేస్తానన్నారు కాబట్టి చెప్తున్నా. మన నీళ్ళు అండమాన్ నీళ్ళు కావు, విజిబిలిటీ రోజుకో రకంగా ఉంటుంది, కొన్ని రోజులు చెయ్యి చాపితే వేళ్ళే మసగ్గా ఉంటాయి, అలల వల్ల పైకి తేలాక బోటు వాళ్ళకు మన తల కనిపించదు. అందుకని ఎవరూ చెప్పని ఒక వస్తువు నేను చెప్తాను, ఎస్ఎంబీ. నారింజ రంగు పొడుగాటి గొట్టం, దానికి తాడు చుట్టిన స్పూల్. నీళ్ళలోంచే గాలి నింపి పైకి వదిలితే బోటు మీద ఉన్నవాళ్ళకు మనం ఎక్కడున్నామో తెలుస్తుంది. ధర మీ ఫిన్స్ కంటే తక్కువ, బరువు అర కిలో కూడా ఉండదు. అండమాన్‌లో కరెంట్ ఎక్కువున్న సైట్లలో కూడా ఇదే కాపాడేది. గైడ్ దగ్గర ఉంటుంది, నిజమే, గైడ్ నుంచి విడిపోయినప్పుడే కదా మనకు అది కావాల్సింది. కొన్నాక ఎవరైనా ఇన్‌స్ట్రక్టర్ పక్కన ఉండగా ఐదు మీటర్ల దగ్గర వదలడం నేర్చుకోండి. తాడు చేతికి చుట్టుకుంటే గొట్టంతో పాటు మీరూ పైకి పోతారు, కాబట్టి ఒక్కరే ప్రయోగాలు చేయొద్దు. దానికి తోడు ఒక విజిల్.

సెకండ్ హ్యాండ్ గురించి ఎవరూ రాయలేదు. సీజన్ చివర, ఏప్రిల్, మే నెలల్లో, దీవుల నుంచి వెళ్ళిపోయే డైవ్‌మాస్టర్లు, ఒకసారి మోజుతో కొని మానేసినవాళ్ళు అమ్ముతుంటారు. ఫిన్స్, బీసీడీ అలా తీసుకోవచ్చు. బీసీడీ అయితే గాలి నిండా నింపి ఓ రాత్రి వదిలేయండి, పొద్దున కూడా బిగువుగా ఉందంటే మంచిదే. రెగ్యులేటర్ అయితే ధర మీద పూర్తి సర్వీస్ ఖర్చు కలిపి లెక్క వేయండి, అమ్మేవాడు నిన్ననే చేయించానన్నా సరే బిల్లు చూపించమనండి. మోడల్ పాతదైతే కిట్లు ఇంకా వస్తున్నాయా అని కనుక్కోండి, కిట్ దొరకనిది అలమరలో బొమ్మగా పెట్టుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరాదు. ఫస్ట్ స్టేజ్ మీద మూత బిగించి ఉన్నప్పుడు సెకండ్ స్టేజ్ నుంచి మెల్లిగా పీల్చి చూడండి, గాలి రాకూడదు. వచ్చిందంటే ఎక్కడో సందు ఉన్నట్టే. మాస్క్ మాత్రం పాతది వద్దు.

సొంత సూట్ కొన్నాక మీ వెయిట్ మారుతుంది, అది కూడా గుర్తుంచుకోండి. కొత్త నియోప్రీన్ (సూట్ రబ్బరు) ఎక్కువ తేలుతుంది, పాత అద్దె సూట్‌తో నాలుగు కిలోలు సరిపోయిందని కొత్తదానికి కూడా అదే పెట్టుకుంటే డైవ్ చివర్లో తంటా. అల్యూమినియం సిలిండర్ ఖాళీ అయ్యేకొద్దీ తేలికవుతుంది కదా, అందుకే 50 బార్ మిగిలినప్పుడు, ఐదు మీటర్ల దగ్గర సేఫ్టీ స్టాప్‌లో (పైకి తేలే ముందు జాగ్రత్తకి ఆగే చోట), బీసీడీలో గాలి లేకుండా కదలకుండా నిలబడగలుగుతున్నారా చూసుకోండి. అక్కడ సరిపోయిన అంకెను లాగ్‌బుక్‌లో రాసుకోండి. ప్రతిసారీ వేరే సూట్, వేరే బీసీడీ అయితే ఆ అంకె ఎప్పటికీ కుదరదు. నా వరకు సొంత గేర్ వల్ల వచ్చిన పెద్ద లాభం అదే, నీళ్ళలోకి దిగగానే బ్యాలెన్స్ కుదిరిపోతుంది, గాలి తక్కువ ఖర్చవుతుంది.

కొత్తడైవర్_హైద్:

ఇంత వివరంగా రాస్తారనుకోలేదు, అందరికీ చాలా చాలా థాంక్స్. షాపువాళ్ళు ఫుల్ సెట్ ఆఫర్ అని తొందరపెడుతున్నారు, వద్దని చెప్పేస్తాను. ఇప్పుడు నా ప్లాన్ ఇది: సైట్ అద్దాలు బిగించగలిగే మాస్క్, మౌత్‌పీస్, మూడు మిల్లీమీటర్ల సూట్, ఎస్ఎంబీ ఇక్కడే చూసి కొంటాను. లియొనార్డో అన్నయ్య చేత తెప్పిస్తాను. రెగ్యులేటర్ ఇప్పుడు కాదు, ఫుజైరా గారి మాట కూడా మనసులో పెట్టుకుంటాను, సర్వీస్ దారి దొరికిన రోజు అదే మొదట కొంటాను. ఇదంతా కలిపినా షాపువాళ్ళు చెప్పిన మొత్తంలో సగం కూడా కావట్లేదు, ఇంట్లో కూడా ఇక ఏమీ అనరు.

చివరిగా రెండు. హైదరాబాద్ నుంచి వెళ్ళే విమానాల్లో చెక్-ఇన్ 15 కిలోలే ఇస్తున్నారు, ఈ గేర్‌తో సరిపోతుందా? తడి సూట్‌ని తిరుగు ప్రయాణంలో ఏం చేస్తారు?

చిన్నసైజు_డైవర్:

హాయిగా సరిపోతుంది. మాస్క్, సూట్, ఎస్ఎంబీ, ఫుల్ ఫుట్ ఫిన్స్ అన్నీ కలిపినా ఐదారు కిలోలు దాటవు, మిగతాది బట్టలకు. బీసీడీ, రెగ్యులేటర్ కూడా చేరిన రోజు అప్పుడు లెక్క చూసుకోవాలి. మాస్క్‌ని దాని గట్టి డబ్బాలో పెట్టి కేబిన్ బ్యాగ్‌లోనే ఉంచుకోండి, కంప్యూటర్ కూడా. మాస్క్ మీద బరువు పడి సిలికాన్ ఒకసారి వంకరపోతే మళ్ళీ కారుతుంది. టార్చ్ ఏదైనా కొంటే దాని లిథియం బ్యాటరీలు విప్పి కేబిన్‌లోనే పెట్టుకోవాలి, చెక్-ఇన్‌లో వేస్తే బ్యాగ్ తెరిపిస్తారు. తాడు కోసే కత్తి లాంటిది ఉంటే అది మాత్రం చెక్-ఇన్‌లోకే.

తడి సూట్ సంగతి మీరు అనుకున్నంత కష్టం కాదు. వరసగా డైవ్‌లు చేశాక విమానం ఎక్కడానికి కనీసం 18 గంటలు ఆగాలి కదా, అంటే చివరి రోజు ఎలాగూ డైవింగ్ ఉండదు. ఆఖరి డైవ్ అవగానే రిసార్ట్‌లో బకెట్ మంచినీళ్ళలో అన్నీ నానబెట్టి, సూట్‌ని లావుపాటి హ్యాంగర్‌కి నడుము దగ్గర మడిచి నీడలో వేయండి, ముందు లోపలివైపు పైకి పెట్టి, అది ఆరాక తిరగేసి. ఎండలో వేస్తే నియోప్రీన్ గట్టిపడుతుంది. హావ్‌లాక్ గాలిలో తేమ ఎక్కువ కాబట్టి గదిలో ఫ్యాన్ కింద ఒక రాత్రి ఉంచితే మర్నాటికి ఫెర్రీ ఎక్కే టైమ్‌కి సర్దుకునేంత పొడిగా అవుతుంది. మిగిలిన చెమ్మ ఉంటే ఇంటికి రాగానే బ్యాగ్ తీసి మళ్ళీ ఆరేయండి, మడత పెట్టి లోపల పెట్టేయకండి. మాస్క్ సైట్ అద్దాలు తెప్పించడానికి కొన్ని వారాలు పట్టొచ్చు, డిసెంబరు కోసం ఆగకుండా ఈ వారమే ఆర్డర్ పెట్టండి.